బోటు ఖాతాలో పద్దుల వారీ కూడిక: సమ్‌ఇఫ్ వాడే విధానం

విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో మరబోట్ల లెక్కలు రాసేవారికి వేట నిషేధమే లెక్క తేల్చే గడువు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు బోట్లు ఒడ్డునే ఉంటాయి కనుక, అంతకు ముందు సాగిన వేటకు డీజిల్ ఎంత అయింది, ఐస్ ఎంత అయింది, రేషన్ సరుకులకు ఎంత పోయింది అన్నది ఆ సమయానికి తేలాలి. వచ్చిన రాబడిలో ఈ ఖర్చులు పోను మిగిలినదే యజమానికీ కలాసీలకూ వాటాలుగా వెళ్తుంది కాబట్టి, ఒక పద్దు మొత్తం తప్పితే ఎవరో ఒకరి చేతికి రావలసిన డబ్బు తగ్గిపోతుంది. అందుకే ఈ కూడికను కాలిక్యులేటరు మీద కాకుండా స్ప్రెడ్‌షీట్ చేత చేయించడం మంచిది. అందుకు వాడే ఫార్ములా సమ్‌ఇఫ్ (SUMIF): పెట్టిన షరతుకు సరిపడే వరుసల్లోని అంకెలనే ఇది కూడుతుంది.

ముందుగా షీటును సరిగా వేసుకోవాలి. ఎ కాలమ్‌లో తేదీ, బి లో బోటు, సి లో పద్దు, డి లో వివరం, ఇ లో రూపాయలు రాసుకుందాం. మొదటి వరుస శీర్షికలకు పోగా లెక్క రెండో వరుస నుంచి మొదలై నాలుగువందల వరుస దాకా సాగుతుందని అనుకుందాం. ఉదాహరణకు జూన్ 15న డీజిల్ 84,000, ఐస్ 9,600, రేషన్ 7,450. జూన్ 27న డీజిల్ 61,500, వల మరమ్మతు 3,200 అని ఐదు వరుసలు ఉన్నాయి. వీటిలో డీజిల్ ఒక్కటే కూడాలంటే ఖాళీ సెల్‌లో ఇలా రాయాలి:

=సమ్‌ఇఫ్(సి2:సి400, "డీజిల్", ఇ2:ఇ400)

ఫార్ములా పేరునూ కాలమ్ అక్షరాలనూ కీబోర్డు మీద ఇంగ్లీషులోనే టైపు చేయాలి. కొటేషన్ గుర్తుల మధ్య ఉన్న పద్దు పేరు మాత్రం షీటులో ఏ లిపిలో ఉంటే ఆ లిపిలోనే ఉండాలి. బ్రాకెట్లలోని మూడు భాగాల్లో మొదటిది ఎక్కడ వెతకాలో, రెండోది ఏమి వెతకాలో, మూడోది ఏ అంకెలు కూడాలో చెబుతుంది. జవాబు 1,45,500 వస్తుంది. ఐదు వేలు, అంతకు మించిన ఖర్చులన్నీ కావాలంటే వెతికేదీ కూడేదీ ఒకే కాలమ్ కనుక మూడో భాగం అక్కరలేదు: =సమ్‌ఇఫ్(ఇ2:ఇ400, ">=5000") అని రాస్తే 1,62,550 చూపుతుంది. పోలిక గుర్తు, అంకె రెండూ కొటేషన్ లోపలే ఉండాలన్నది మరవకూడదు.

ప్రతి పద్దుకూ ఇలా విడిగా రాసే బదులు, పక్కన జి కాలమ్‌లో జి2 నుంచి జి8 వరకు పద్దుల పేర్లు వరుసగా రాసుకుని, హెచ్2 లో =సమ్‌ఇఫ్($సి$2:$సి$400, జి2, $ఇ$2:$ఇ$400) అని వేసి కిందికి లాగడం మేలు. ఆ డాలరు గుర్తులు అలంకారం కోసం కాదు. అవి లేకుండా లాగితే రెండో పద్దు లెక్క మూడో వరుస నుంచి, మూడో పద్దు లెక్క నాలుగో వరుస నుంచి మొదలవుతుంది. పైన జారిపోయిన ఖర్చు కూడికలో చేరదు, కంప్యూటరు ఏ హెచ్చరికా ఇవ్వదు. అలాగే వెతికే రేంజ్ (సెల్‌ల వరుస) సి2 నుంచి, కూడే రేంజ్ ఇ3 నుంచి మొదలైతే ప్రతి పద్దు పేరుకూ దాని కింది వరుసలోని అంకె జతపడి, చూడటానికి సవ్యంగానే ఉన్న తప్పుడు మొత్తం వస్తుంది.

షరతులు రెండు మూడు ఉంటే సమ్‌ఇఫ్స్ వాడాలి. ఇది ఎక్సెల్‌లో 2007 వెర్షన్‌తో వచ్చింది. ఇందులో వరుస మారుతుంది: కూడవలసిన కాలమ్ ముందు వస్తుంది, ఆ తరువాత ఒక్కొక్క రేంజ్, దాని షరతు జతలుగా వస్తాయి. 2025 జూన్‌లో నిషేధం ముగిసిన నాటి నుంచి ఆ నెలాఖరు దాకా అయిన డీజిల్ ఖర్చు ఇలా తీయవచ్చు:

=సమ్‌ఇఫ్స్(ఇ2:ఇ400, సి2:సి400, "డీజిల్", ఎ2:ఎ400, ">="&డేట్(2025,6,15), ఎ2:ఎ400, "<"&డేట్(2025,7,1))

జూన్ 30 వరకు అని రాయకుండా జూలై 1 కంటే ముందు అని రాయడానికి కారణం ఉంది. తేదీతో పాటు సమయం కూడా పడిన ఎంట్రీ ఏదైనా 30వ తేదీన ఉంటే, మొదటి పద్ధతిలో అది బయటే ఉండిపోతుంది. ఈ ఫార్ములా అన్ని షరతులూ ఒకేసారి నెరవేరిన వరుసలనే తీసుకుంటుంది కాబట్టి, ఐస్ గానీ రేషన్ గానీ అన్నట్టు ఏదో ఒకటి సరిపోయే కూడిక కావాలంటే రెండు సమ్‌ఇఫ్‌లు విడిగా వేసి కలపాలి.

ఫార్ములా నేర్చుకోవడం పది నిమిషాల పని. పద్దు పేరును ఎప్పుడూ ఒకే తీరున రాయడమే అసలు పని. డీజిల్, డీజల్, డీజిలు మనకు ఒకటే, షీటుకు మూడు. నేను రాసిన ఒక ఖాతాలో డీజిల్ మొత్తం బంకు చీటీల కంటే 18,400 తక్కువ వచ్చింది. పద్దులన్నీ ఒకటికి రెండుసార్లు చదివినా తేడా కనబడలేదు. చివరకు పక్క కాలమ్‌లో =లెన్(సి2) వేసి కిందికి లాగితే, డీజిల్ అన్న ప్రతిచోటా 6 వచ్చి ఒక్కచోట 7 వచ్చింది. కంటికి మూడక్షరాలుగా కనిపించే ఆ మాటలో గుడులూ పొల్లూ విడిగా లెక్కకు వచ్చి ఆరు అవుతాయి; ఏడవది మాట చివర పడిన స్పేసు. =ట్రిమ్(సి2) అలాంటి స్పేసులను తీసేస్తుంది. వెబ్ పేజీ నుంచి అతికించిన మాటల్లో ఉండే మరో రకం స్పేసు ట్రిమ్‌కు లొంగదు; దానికి =సబ్‌స్టిట్యూట్(సి2, క్యార్(160), "") వాడాలి (క్యార్‌ను ఇంగ్లీషులో CHAR అని కొట్టాలి). ఇవన్నీ రాకుండా ఉండాలంటే డేటా మెనూలోని డేటా వాలిడేషన్‌తో సి కాలమ్‌కు జి కాలమ్‌లోని పద్దుల జాబితాను కట్టి, టైపు చేయకుండా ఎంచుకునేలా పెట్టడం నా దృష్టిలో అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి.

అంకెల్లోనూ మనకొక అలవాటు ఉంది. రసీదు మీద రాసినట్టే 1,200/- అని షీటులోనూ కొడతాం. అలా కొట్టగానే అది అంకె కాక మాటగా మారిపోయి, సెల్‌లో ఎడమ వైపుకు చేరుతుంది, కూడికలోకి రాదు. తేదీల విషయమూ ఇంతే: కంప్యూటరు సెట్టింగ్ నెల ముందు, రోజు తరువాత అన్నట్టు ఉంటే 15-06-2025 మాటగా మిగిలిపోతుంది; 05-06-2025 అయితే మరీ ప్రమాదం, మే 6గా మారి తప్పు నెలలో కూర్చుంటుంది.

కనుక వాటాలు పంచే ముందు రెండు తనిఖీలు తప్పక చేయాలి. మొదటిది =కౌంట్‌ఎ(ఇ2:ఇ400)-కౌంట్(ఇ2:ఇ400); ఇది సున్నా కాకపోతే, ఎంత వస్తే అన్ని సెల్‌లలో అంకెకు బదులు మాట ఉందని అర్థం. రెండోది =సమ్(ఇ2:ఇ400)-సమ్(హెచ్2:హెచ్8); ఇది సున్నా కాకపోతే జాబితాలో లేని పద్దు పేరు ఎక్కడో ఉందన్నమాట. మాటగా మారిన అంకెను మామూలు సమ్ కూడా వదిలేస్తుంది కాబట్టి, రెండో తనిఖీ సున్నా చూపినా మొదటిది మానకూడదు. జాబితాకు అందని పద్దు ఏదో పట్టుకోవడానికి ఎఫ్2 లో =కౌంట్‌ఇఫ్($జి$2:$జి$8, సి2) వేసి కిందికి లాగితే, రాసి ఉన్న వరుసల్లో ఎక్కడ 0 పడుతుందో ఆ వరుసలోనే తప్పు ఉంటుంది; దాన్ని దిద్దిన వెంటనే హెచ్ కాలమ్‌లోని మొత్తం తనంతట తానే సరిపడుతుంది.