ప్రార్థన నేర్చుకుందాం – 5వ పాఠం: మొర పెట్టుకోవడం

పోయిన వారం కృతజ్ఞతా ప్రార్థన సాధన చేశాం. రోజుకు మూడు మేళ్లు నోటుబుక్కులో రాసుకుని, ఒక్కొక్కటీ పేరుపేరునా చెప్పి దేవుణ్ణి స్తుతించమన్నాను. చేయగలిగినవాళ్లకు సంతోషం. "ఈ వారం స్తోత్రం చెప్పడానికి నాకు నోరు రాలేదు" అనుకున్నవాళ్లు ముందు వరుసలోకి రండి. ఈ పాఠం మీకోసమే రాశాను.

మన సంఘాల్లో ప్రార్థన ఎలా మొదలవుతుందో మీకు తెలిసిందే. "మహా పరిశుద్ధుడవైన తండ్రీ, నీ పాదసన్నిధికి వచ్చియున్నాము..." ఇంట్లో మాట్లాడే తెలుగును చెప్పులతో పాటు గుమ్మం బయటే విడిచి వస్తాం. తరతరాలుగా అదే బైబిలు చదివీ చదివీ నోటికి అలవాటైన భాష అది. నాకూ ఇష్టమే. చిక్కల్లా, ఆ భాషలో మనకు కోపం రాదు, విసుగు రాదు, "ఎందుకిలా చేశావు" అనే మాట అసలే రాదు. మనసులో ఒకటి, నోట్లో ఒకటి అయిపోతుంది.

మా నాన్నకు డయాలసిస్ నడుస్తున్న రోజులు. వారానికి మూడుసార్లు ఆసుపత్రి. ఓ సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూటం పెట్టారు. వచ్చినవాళ్లంతా గంటసేపు ప్రార్థన చేసి, టీ తాగి, "దేవుడు చూసుకుంటాడమ్మా" అని వెళ్లిపోయారు. అమ్మ వంటింట్లోకి వెళ్లి రాత్రికి బియ్యం కడగడం మొదలుపెట్టింది. కడుగునీళ్లు వంపుతూ, పక్కనున్న మనిషితో అన్నట్టుగా, "వినపడట్లేదా తండ్రీ? ఇంకెన్నిసార్లు చెప్పాలి నీకు?" అంది. మళ్లీ నీళ్లు పోసింది. మళ్లీ వంపింది. "అలిసిపోయాను" అంది. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. సండే స్కూల్లో నేర్చుకున్న బుద్ధి కొద్దీ, "అలా అనకూడదమ్మా, విశ్వాసం ఉండాలి" అన్నాను. ఆవిడ నా వైపు చూడనైనా చూడలేదు. బియ్యం పొయ్యి మీద పెట్టేసింది.

ఆ రోజు అమ్మ మొర పెట్టుకుంటోందని నాకు తెలియలేదు. సణుగుతోందనుకున్నాను.

సణుగుడు వేరు, మొర వేరు

సంఖ్యాకాండము 11వ అధ్యాయం తెరవండి. ఒకే అధ్యాయంలో రెండూ కనబడతాయి. ఐగుప్తు దాస్యం నుంచి మోషే వెంట బయటికొచ్చి, ఎడారిలో నడుస్తున్న ఇశ్రాయేలు జనం ఏడుస్తారు: ఐగుప్తులో చేపలు తిన్నాం, కీరకాయలు తిన్నాం, దోసకాయలు, ఉల్లిపాయలు, తెల్లగడ్డలు తిన్నాం, ఇక్కడ చూస్తే ఆకాశం నుంచి రాలే ఈ మన్నా తప్ప తినడానికి ఇంకేమీ లేదు. ఎవరి గుడారం గుమ్మంలో వాళ్లు నిలబడి ఏడుస్తారు. ఆ ఏడుపులో దేవుడితో మాట లేదు.

అదే అధ్యాయంలో మోషే మాటలు చూడండి, అవి ఇంకా ఘాటు. ఈ జనాన్నంతా నేను కన్నానా? పసిపిల్లలను ఎత్తుకున్నట్టు వీళ్లను ఎత్తుకు మోయాలా? ఈ బరువు నావల్ల కాదు, ఇలాగే చేసేట్టయితే నన్ను చంపెయ్. దేవుడి ముఖం మీదే అంటాడు. ఆ మాటలకు దేవుడికి మోషే మీద కోపం రాలేదు. బరువు పంచుకోవడానికి డెబ్బై మంది పెద్దలను ఏర్పాటు చేశాడు దేవుడు. జనానికి మాంసమైతే దొరికింది, దాంతోపాటే తెగులూ వచ్చింది.

తేడా మాట ఘాటులో లేదు, ముఖం ఎటు తిరిగి ఉందన్న దాంట్లో ఉంది. దేవుడి గురించి పక్కవాళ్లతో అంటే సణుగుడు. అదే మాట దేవుడితో అంటే మొర. సాధనలో ఇదే మొదటి మెట్టు: ఫిర్యాదు ఏదైనా సరే, ముందు ఆయన్ను పిలవండి. "తండ్రీ" అన్న ఒక్క పిలుపు చాలు. ఆ తర్వాత వచ్చేదంతా ప్రార్థనే.

13వ కీర్తన దగ్గర కూర్చుందాం

కీర్తనల గ్రంథంలో ఉన్న 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు మొరలే. మన ఆరాధనల్లో మాత్రం 23, 91, 103, 121 తిరుగుతూ ఉంటాయి. నేర్చుకోవడానికి నేను 13వ కీర్తన ఎంచుకున్నాను, ఆరే వచనాలు కాబట్టి. బైబిలు పక్కన పెట్టుకుని చదవండి.

మొదటి రెండు వచనాలూ ప్రశ్నలే. ఎన్నాళ్లు మరచిపోతావు, ఎంతకాలం ముఖం తిప్పుకుంటావు, ఎంతవరకు నాకీ చింత, ఎంతవరకు నా శత్రువుది పైచేయి? హెబ్రీలో "ఎంతవరకు" అన్నదే నాలుగుసార్లు వస్తుంది. గుమ్మం ముందు నిలబడి తలుపు తట్టినట్టు ఉంటుంది. దేవుడు నిజంగా మరచిపోతాడా అని ఇక్కడ వాదన పెట్టుకోకండి. కీర్తనకారుడు సిద్ధాంతం చెప్పట్లేదు, తనకు ఎలా ఉందో చెబుతున్నాడు.

మూడు, నాలుగు వచనాల్లో అడుగుతాడు: నన్ను చూడు, నాకు జవాబివ్వు, నా కళ్లకు వెలుగివ్వు. అడిగి ఊరుకోడు, కారణాలు కూడా చెబుతాడు. లేకపోతే చచ్చిపోతాను, నా శత్రువు గెలిచానని చెప్పుకుంటాడు. మనం ఈ భాగంలో మొహమాటపడతాం. "నీ చిత్తమైతే ప్రభువా" అని ముందే తప్పుకుంటాం. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు కూడా తండ్రి చిత్తానికి లోబడ్డాడు, కానీ "ఈ గిన్నె నా నుంచి తొలగించు" అని అడిగిన తర్వాతే. మత్తయి సువార్త ప్రకారం మూడుసార్లు అడిగాడు, మూడోసారి కూడా అవే మాటలు.

అయిదో వచనం "నేనైతే" అని మొదలవుతుంది. నేనైతే నీ కృపను నమ్ముకున్నాను. నాలుగో వచనానికీ అయిదో వచనానికీ మధ్య ఏం జరిగింది? కీర్తనలో ఏమీ చెప్పలేదు. శత్రువు పోయాడని లేదు, జవాబు వచ్చిందని లేదు. ఆ మలుపు ఒక్క రాత్రిలో వచ్చిందో, ఏడాది పట్టిందో మనకు తెలియదు. అందుకే కొత్తవాళ్లకు చెబుతుంటాను, నాలుగో వచనం దగ్గర ఆగిపోయినా ఫర్వాలేదు. "నేనైతే" మీకు రేపు రావచ్చు.

అసలు రాకపోతే? 88వ కీర్తన చూడండి. అందులో ఆ మలుపే లేదు. చివరి మాట "చీకటియే నాకు బంధువర్గమాయెను". స్తోత్రం లేదు, హల్లెలూయ లేదు. అయినా దాన్ని ఎవరూ తీసిపారేయలేదు, పరిశుద్ధ గ్రంథంలోనే ఉంది. ప్రార్థన చివర్లో బలవంతంగా నవ్వు తెచ్చుకోనక్కర్లేదని చెప్పడానికి నాకు ఆ ఒక్క కీర్తన చాలు.

రాసి చూద్దాం

డిగ్రీ అయిపోయి, మూడేళ్లుగా ఉద్యోగం కోసం చూస్తున్న అబ్బాయి ఉన్నాడనుకోండి. అలవాటు ప్రకారం అతని ప్రార్థన ఇలా ఉంటుంది: "ప్రేమగల తండ్రీ, నా పట్ల నీకున్న ఉద్దేశములను బట్టి స్తోత్రములు. తగిన కాలమందు ద్వారములు తెరువుము. ఆమెన్." తప్పేమీ లేదు. కానీ ఇందులో అతను ఎక్కడా కనబడడు. ఎవరైనా చేసుకోవచ్చు ఈ ప్రార్థన.

13వ కీర్తన దారిలో రాస్తే ఇలా వస్తుంది:

"తండ్రీ, మూడేళ్లయింది. ఇంకెన్నాళ్లు? నాతో చదివినవాళ్ల పెళ్లిళ్లకు వెళ్లడం మానేశాను, ఏం చేస్తున్నావని అడుగుతారని. రీచార్జికి కూడా నాన్ననే అడగాలి. రాత్రి రెండింటి దాకా నిద్ర పట్టట్లేదు, టెన్షన్. నువ్వు చూస్తున్నావో లేదో అర్థం కావట్లేదు. ఈ నెలాఖరు ఇంటర్వ్యూలో నాకు ఉద్యోగం ఇప్పించు. లేకపోతే నాన్న మళ్లీ అప్పు చేయాలి. ఇంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. రేపు మళ్లీ వస్తాను."

చివరి వాక్యం చూశారా? "నేనైతే" ఇంకా రాలేదు, కానీ రేపు మళ్లీ వస్తానంటున్నాడు. నా లెక్కలో అదీ విశ్వాసమే.

ఒక పక్కమాట. ఇంట్లో దెబ్బలు తింటున్నవాళ్లు, బతకాలని లేదనిపిస్తున్నవాళ్లు ఈ పాఠం చదువుతుంటే, మొర పెట్టుకోండి, దాంతోపాటు ఈ రోజే నమ్మకమైన మనిషికి చెప్పండి, డాక్టరు దగ్గరకు వెళ్లండి. మోషేకు జవాబు డెబ్బై మంది మనుషుల రూపంలోనే వచ్చిందని మరచిపోకండి.

ఈ వారం సాధన

మొదటి మూడు రోజులూ 13వ కీర్తనను రోజుకొకసారి బయటికి వినబడేలా చదవండి. బిడ్డ కోసం ఏడుస్తూ ప్రార్థించిన హన్నాలా పెదవులు మాత్రమే కదిలించినా సరే. ఆమెను చూసి తాగి ఉందనుకున్నాడు ఏలీ యాజకుడు, మీ ఇంట్లోవాళ్లు కూడా ఏదో ఒకటి అనుకుంటారు, అనుకోనివ్వండి.

నాలుగో రోజు మీ మొర రాయండి. పది వాక్యాలు దాటనివ్వకండి. ఇంట్లో మాట్లాడే తెలుగులోనే రాయండి, గోదావరి యాసైనా, కరీంనగర్ యాసైనా. "స్తోత్రం" అన్న మాట చేయి జారి పడిపోతే కొట్టేసి, ఆ చోట నిజంగా ఏమనిపిస్తోందో రాయండి.

మిగిలిన రోజుల్లో అదే కాగితం చదువుతూ ప్రార్థించండి. మాటలు మార్చాలనిపిస్తే మార్చండి. ఎవరికీ చూపించనక్కర్లేదు, సాక్ష్యం చెప్పనక్కర్లేదు, నాకు పంపనక్కర్లేదు.

వచ్చే పాఠం విజ్ఞాపన ప్రార్థన, అంటే ఇతరుల కోసం చేసేది. దానికి ఒక పేరు కావాలి, మీకు అస్సలు పడనివాళ్ల పేరైతే మరీ మంచిది. ఈ కాగితం వెనకవైపు రాసి ఉంచుకోండి.