గోల వినపడకుండా చేసే హెడ్‌ఫోన్స్ తక్కువ ధరలో కొనాలంటే

ముందు నా తెలివితక్కువతనం చెప్పేస్తాను. పక్కింట్లో గోడలు పగలగొట్టి మళ్లీ కడుతున్న రోజుల్లో, ఆ చప్పుడుకి పని చేసుకోలేక, డబ్బా మీద పెద్ద అక్షరాలతో నాయిస్ క్యాన్సిలేషన్ అని రాసి ఉన్న ఇయర్‌బడ్స్ కొన్నాను. పెట్టుకున్నా డ్రిల్లు మోత మోతలాగే ఉంది. పాడైన పీస్ వచ్చిందేమో, వెనక్కి పంపేద్దామని డబ్బా తిప్పి చూస్తే కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఈఎన్‌సీ అని ఉంది. అది మైకుకి సంబంధించిన సంగతి. మనం ఫోన్లో మాట్లాడుతుంటే మన చుట్టూ ఉన్న గోల అవతలివాళ్లకి వినపడకుండా చేస్తుంది, మన చెవికి మాత్రం వీసమెత్తు లాభం లేదు. మన చెవి కోసం పనిచేసేది ఏఎన్‌సీ. ఒక్క అక్షరమే తేడా, కానీ తక్కువ ధర వాటిలో చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఇక మీద డబ్బా మీద ఉత్త నాయిస్ క్యాన్సిలేషన్ అని మాత్రమే కనిపిస్తే, అది మైకుదా, చెవిదా అని తేల్చుకున్నాకే డబ్బు తీయండి.

సరే, ఏఎన్‌సీ ఉన్నవే కొన్నారనుకుందాం. అన్ని శబ్దాలూ ఆగిపోతాయా? ఆగవు. అందులో ఉండే చిన్న మైకు బయటి శబ్దాన్ని పట్టుకుంటుంది, లోపలి చిప్ దానికి సరిగ్గా తలకిందులైన తరంగాన్ని తయారుచేసి చెవిలోకి వదులుతుంది, రెండూ కలిసి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఆలోచన కొత్తదేం కాదు, పాల్ ల్యూగ్ అనే జర్మన్‌కి 1936లోనే దీని మీద అమెరికాలో పేటెంట్ వచ్చింది. 1978లో బోస్ ఆడియో కంపెనీ పెట్టిన అమర్ బోస్ విమాన ప్రయాణంలో ఇంజన్ మోతతో విసిగిపోయి, హెడ్‌ఫోన్స్‌కి దీన్ని ఎలా వాడాలో అక్కడే కూర్చుని లెక్కలు వేసుకున్నాడని చెబుతారు. ఆయన్ని విసిగించింది ఇంజన్ మోత అన్నది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఏఎన్‌సీ ఇప్పటికీ బాగా ఆపగలిగేది అలాంటి మోతనే. 100 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకి వంద సార్లు కంపిస్తూ ఉండే గుయ్‌మనే శబ్దానికి ఒక్కో తరంగం మూడు మీటర్లకి పైగా పొడవు ఉంటుంది, కాబట్టి చిప్ కాస్త ఆలస్యం చేసినా పెద్ద నష్టం లేదు. అదే 3000 హెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి తరంగం పదకొండు సెంటీమీటర్లే, రవ్వంత ఆలస్యమైనా లెక్క తప్పుతుంది. అందుకే ఫ్యాను, ఏసీ, బస్సు ఇంజన్, రైలు మోత తగ్గిపోతాయి గానీ, పిల్లల ఏడుపు, కుక్క అరుపు, పక్క టేబుల్ వాళ్ల కబుర్లు, టక్కున కొట్టే హారన్ మాత్రం దాటుకుని వచ్చేస్తాయి. నిజానికి మోత తగ్గాక కబుర్లు ఇంకా స్పష్టంగా వినిపించినట్టు కూడా అనిపించొచ్చు, అప్పుడు వస్తువు పాడైందని కంగారు పడకండి.

కాబట్టి కొనే ముందు అడగాల్సిన అసలు ప్రశ్న ఏది మంచి కంపెనీ అని కాదు, మిమ్మల్ని ఏ శబ్దం చంపుకు తింటోంది అని. ఒకటి రెండు రోజులు గమనించండి. ఒకే తీరులో సాగే మోత అయితే ఏఎన్‌సీకి డబ్బు పెట్టడంలో అర్థం ఉంది. మనుషుల మాటలు, టీవీ, సుత్తి దెబ్బలు అయితే ఏఎన్‌సీ పేరుకి డబ్బు పోయకుండా, చెవిని గట్టిగా మూసేసే వాటిని వెతకండి. తక్కువ బడ్జెట్‌లో నా ఓటు ఈ రెండో రకానికే. ఎందుకంటే చవకలో మంచి ఏఎన్‌సీ చేయడం కష్టం, చెవి రంధ్రాన్ని సరిగ్గా మూయడానికి మాత్రం ఒక రబ్బరు ముక్కో ఫోమ్ ముక్కో చాలు.

మూయడం అంటే ఏంటో కాస్త చెప్పాలి. స్టేజి మీద గాయకులు చెవిలో పెట్టుకునేలాంటి, వైరుని చెవి మీదుగా తిప్పుకునే ఇన్-ఇయర్ రకాలు ఇప్పుడు చవకగానే దొరుకుతున్నాయి, బ్యాటరీ గొడవ కూడా లేదు. కాకపోతే కొన్నింటికి వెనకాల గాలి కోసం పెద్ద రంధ్రాలు ఉంటాయి, అవి ఉన్నచోట శబ్దం కూడా దూరుతుంది. చెవి గుమ్మం దగ్గర ఊరికే వేలాడే, రబ్బరు టిప్స్ లేని బడ్స్‌ని ఈ పనికి అసలు లెక్కలోకే తీసుకోకండి. తల మీద పెట్టుకునే రకమైతే చెవి మొత్తాన్ని చుట్టూ కప్పేది, వెనక మూసి ఉన్నది కావాలి. ఓపెన్ బ్యాక్ అని ఉంటే పాట ఎంత బాగా వినిపించినా మన పనికి రాదు. కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లకి ఇంకో తలనొప్పి ఉంది, అద్దాల కాడ కుషన్‌ని కాస్త పైకి లేపుతుంది, ఆ సందులోంచే గోల లోపలికి వస్తుంది. మెత్తటి మందపాటి కుషన్లు, సన్నటి కాడలు అయితే కొంత నయం. నేనైతే అద్దాల వాళ్లకి ఇన్-ఇయర్లే చెబుతాను.

ఇన్-ఇయర్ కొన్నాక పెట్టెలో వచ్చే మూడు సైజుల టిప్స్‌ని అలాగే పడేసేవాళ్లే ఎక్కువ, సగం ఫలితం అక్కడే పోతుంది. అన్నీ మార్చి మార్చి చూడండి. రెండు చెవులకీ ఒకటే సైజు సరిపోవాలని రూలేం లేదు, నాకు ఎడమ చెవికి మీడియం, కుడి చెవికి పెద్దది. సరిగ్గా కూర్చుందో లేదో తెలుసుకోవడం తేలిక, బేస్ బాగా ఉన్న పాట పెట్టండి, బేస్ పలచగా, డొల్లగా వినిపిస్తే ఎక్కడో సందు ఉన్నట్టే. ఇంకా కొంచెం ఖర్చు పెట్టగలిగితే ఫోమ్ టిప్స్ విడిగా కొనండి. వాటిని వేళ్లతో నలిపి సన్నగా చేసి, రెండో చేత్తో చెవి పైభాగాన్ని పైకి, వెనక్కి లాగి పట్టుకుని లోపలికి పెట్టి, అర నిమిషం కదపకుండా ఉంచితే అవే ఉబ్బి చెవిని నింపేస్తాయి. మాటల శబ్దం తగ్గించడంలో చవక ఏఎన్‌సీ కంటే ఇవే మేలనిపించింది నాకు. కొన్నాళ్లకి అరిగిపోతాయి, మార్చుకోవాలి, అదొక్కటే చికాకు.

అంకెల గారడీ గురించి రెండు ముక్కలు. 45 డెసిబెల్స్ వరకు తగ్గిస్తుంది అని రాస్తే, ఆ వరకు అన్న మాటలోనే కిటుకంతా ఉంది, సాధారణంగా అది బాగా పనిచేసే ఏదో ఒక్క ఫ్రీక్వెన్సీ దగ్గర వచ్చిన అంకె, మాటల దగ్గర అంత రాదు. పది డెసిబెల్స్ తగ్గితే మన చెవికి శబ్దం దాదాపు సగం అయినట్టు అనిపిస్తుంది కాబట్టి, నిజంగా పదిహేనో ఇరవయ్యో తగ్గినా అది చిన్న విషయం కాదు.

డ్రిల్లు లాంటి ఘోరమైన గోల అయితే ఇంకో దారి ఉంది. ఫ్యాక్టరీల్లో పెట్టుకునే ఇయర్‌మఫ్స్ తెచ్చుకుని, లోపల చెవి బయటికి పొడుచుకు రాని చిన్న ఇన్-ఇయర్ బడ్స్ పెట్టుకుని, మఫ్స్ పైన బిగించుకోవడం. చూడ్డానికి హెలికాప్టర్ నడపబోతున్నట్టు ఉంటారు, ఇంట్లో ఎవరు చూస్తారు గనక. అయితే రెండింటి రేటింగ్, అంటే ఎన్ని డెసిబెల్స్ తగ్గిస్తాయన్న అంకె, కూడేసి సంబరపడకండి, ఎక్కువ రేటింగ్ ఉన్నదానికి ఇంకో 5 డెసిబెల్స్ కలుపుకోవడమే మామూలు లెక్క. చెవులు ఎంత మూసినా కొంత శబ్దం పుర్రె ఎముకల గుండా లోపలికి చేరుతుంది మరి.

వస్తువు చేతికొచ్చాక తిరిగి ఇచ్చే గడువు లోపలే, మిమ్మల్ని బాధపెట్టే ఆ చోటే కూర్చుని, పాట ఏమీ పెట్టకుండా ఏఎన్‌సీ ఆన్ చేసి, ఆఫ్ చేసి తేడా చూడండి. నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఆన్ చేసినప్పుడు సన్నగా ఉస్‌స్ అని వినిపిస్తుందేమో, చెవుల్లో ఏదో ఒత్తిడిలా అనిపిస్తుందేమో కూడా చూసుకోండి, ఆ ఒత్తిడి కొందరికి అస్సలు పడదు. రెండు గంటలు పెట్టుకుని కూర్చోండి, నొప్పి పుడితే ఎంత చవకైనా దండగే.

అప్పటికీ మాటలు వినిపిస్తుంటే పాట సౌండు పెంచేయకండి. వాన శబ్దం లాంటిదేదైనా సన్నగా పెట్టండి, మాటలు అందులో కలిసిపోతాయి. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకి 8 గంటలకి మించి వినకూడదన్నది పని చోట్ల పాటించే ఒక లెక్క, ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగానికి పడిపోతుంది, అంటే 88 దగ్గర 4 గంటలే. ఇక రోడ్డు దాటేటప్పుడు వీటిని చెవుల్లోంచి తీసి జేబులో పెట్టుకోండి.