పాత డబుల్ బ్యారెల్‌తో టర్కీ వేట: సమస్యలు - పరిష్కారాలు

పార్కర్, ఫాక్స్, ఎల్.సి. స్మిత్, ఇథాకా, లెఫీవర్. అమెరికాలో దాదాపు వందేళ్ల కిందట తయారైన ఈ డబుల్ బ్యారెల్ (రెండు గొట్టాల) తుపాకులను ఏప్రిల్ రాగానే బీరువాలోంచి తీసి అడవి టర్కీ కోళ్ల పుంజుల కోసం అడవికి వెళ్లేవాళ్లు ఇంకా ఉన్నారు. దెబ్బ తప్పితే వెంటనే తుపాకీనే తిడతారు. నన్నడిగితే సగం తప్పు దానికి సరిపోని తూటాది, మిగతా సగం తుపాకీ వెనక చెక్కకు ఆనని చెంపది.

డాలస్, అట్లాంటా వైపు ఉండే మనవాళ్లకు ముందుగా ఒక మాట. హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవడం అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. స్నేహితుడి తుపాకీ కాసేపు పట్టుకోవడానికైనా ఇదే రూలు. అనుమానముంటే లాయర్‌ని అడిగాకే ముట్టుకోండి.

"తూటా సులువుగానే దూరింది, పేలిస్తే భుజం విరిగినంత పనైంది"

ఇలా జరిగితే ముందుగా అనుమానించాల్సింది ఛాంబర్ (గొట్టంలో తూటా కూర్చునే చోటు) పొడవును. ఇప్పుడు షాపుల్లో దొరికే 12 గేజ్ (గొట్టం లావు కొలత) తూటాలు మామూలుగా 2¾ అంగుళాలు, టర్కీ కోసమని అమ్మేవి 3, 3½ కూడా ఉంటాయి. పాత తుపాకుల్లో చాలావాటి ఛాంబర్ 2½ లేదా 2⅝ అంగుళాలే. చిక్కేమిటంటే, తూటా మీద అచ్చు వేసేది పేలిన తరువాతి పొడవు. పేలకముందు మూతి మడిచి ఉంటుంది కనుక పొట్టి ఛాంబర్‌లో కూడా హాయిగా దూరిపోతుంది. పేలినప్పుడు ఆ మడత విచ్చుకోవడానికి చోటు చాలక, గొట్టం సన్నబడే దగ్గర ఇరుక్కుంటుంది. ప్రెజర్ పెరిగిపోతుంది. దూరింది కదా అని నమ్మడానికి లేదు.

పాత తుపాకులు తెలిసిన గన్‌స్మిత్‌తో (తుపాకులు బాగుచేసేవాడు) ఛాంబర్ పొడవు, గొట్టం గోడ మందం రెండూ కొలిపించండి. పొట్టి ఛాంబరైతే తక్కువ ప్రెజర్ ఉన్న 2½ అంగుళాల తూటాలే వాడాలి, అలాంటివి చేసి అమ్మేవాళ్లు ఉన్నారు. ఛాంబర్‌ను తొలిచి పొడవు పెంచుకుందామని కొందరంటారు. అసలే పల్చగా ఉన్న గోడను ఇంకా పల్చన చేయడం నాకు నచ్చదు.

తూటాలోని పెల్లెట్లు (చిన్న గుళ్లు) సీసంవి, లేదా సీసాన్ని అనుమతించని చోట బిస్మత్‌వి. స్టీల్ వద్దు, పాత ఫుల్ చోక్ (గొట్టం మూతి దగ్గర బాగా బిగువుగా సన్నబడ్డ భాగం) ఉబ్బిపోతుంది. ఇప్పటి టర్కీ వేటగాళ్లు ఎగబడి కొనే టంగ్‌స్టన్ సూపర్ షాట్ అంతకంటే గట్టిది, దాన్ని కొత్త తుపాకులకే వదిలేయండి. గొట్టాల మీద సుడులు తిరిగిన చారలు కనిపిస్తే అది డమాస్కస్ (ఇనుము, ఉక్కు పట్టీలు మెలిపెట్టి చేసిన పాతకాలపు గొట్టం) కావచ్చు. నిపుణుడు చూసి సరే అనేదాకా అది గోడకు అలంకారమే.

"ముప్పై గజాల్లో నిలబడ్డ పుంజు, అయినా తప్పింది"

ఎక్కువగా తప్పేది పైనుంచే. పాత అమెరికన్ తుపాకుల చెక్క వెనక్కి బాగా వంగి ఉంటుంది. మడమ (చెక్క భుజానికి ఆనే పైకొన) దగ్గర 3 అంగుళాల దాకా కిందికి దిగి ఉండడం మామూలే. చెంప గట్టిగా ఆనిస్తే కన్ను తుపాకీ వెనక దాక్కుంటుంది, గొట్టం చివర ఉన్న ఇత్తడి బీడ్ కనిపించదు. బీడ్ కోసం తల ఎత్తుతాం. ఈ తుపాకీకి వెనక సైట్ లేదు, మన కన్నే వెనక సైట్. కన్ను లేస్తే దెబ్బ కూడా పైకి లేస్తుంది. పుంజు మెడ చాచి చూస్తున్న క్షణంలో దాన్ని సరిగ్గా చూడాలన్న తహతహతో తల ఇంకాస్త లేస్తుంది. మెడంతా కలిపి నాలుగు వేళ్ల వెడల్పు కూడా ఉండదు, అక్కడ ఆ కాస్త తేడా చాలు.

చెక్కకు తోలు ప్యాడ్ కట్టుకుంటే చెంపకు ఆనిక దొరికి, బీడ్ తల ఎత్తకుండానే కనిపిస్తుంది. ప్యాడ్ మందాన్ని బట్టి దెబ్బ పడే ఎత్తు మారుతుంది కాబట్టి కట్టాక కాగితం మీద చూసుకోవాలి. అది కూడా నిలబడి కాదు. చెట్టుకు వీపు ఆనించి, మోకాలి మీద తుపాకీ ఆన్చి, అడవిలో వేసుకునే కోటు వేసుకునే పరీక్షించండి. రెండు గొట్టాలనూ విడివిడిగా చూడండి, రెండూ ఒకే చోట కొట్టాలన్న గ్యారంటీ లేదు. కుడిచేతి వాటం వాళ్లు ఎడమ భుజం పుంజు వచ్చే దిక్కుకు పెట్టి కూర్చుంటే తుపాకీ ఇటూ అటూ తిప్పడానికి చోటుంటుంది.

"తగిలింది, కానీ లేచి పరుగెత్తింది"

దూరం ఎక్కువైంది. 10 అంగుళాల వృత్తంలో 100 పెల్లెట్లు పడాలన్నది టర్కీ వేటగాళ్ల కొలమానం. 1⅛ ఔన్సుల నంబర్ 6 (గుళ్ల సైజు) సీసపు తూటాలో సుమారు 250 పెల్లెట్లుంటాయి. ఫుల్ చోక్ అంటే 40 గజాల దగ్గర 30 అంగుళాల వృత్తంలో 70 శాతం, అంటే 175. పది అంగుళాల వృత్తం వైశాల్యం అందులో తొమ్మిదో వంతు. మధ్యలో కాస్త చిక్కగా పడతాయనుకున్నా 100 ఎక్కడ చేరుతుంది?

అందుకే 20 గజాల నుంచి మొదలుపెట్టి అయిదేసి గజాలు వెనక్కి జరుగుతూ లెక్కపెట్టండి. వంద దాటని చోటికి ముందున్నదే మీ హద్దు. అది 25 గజాలే అయితే 25 గజాలే. ఆ దూరంలో ఒక కర్ర పాతి, అది దాటి లోపలికి వచ్చేదాకా ట్రిగ్గర్ ముట్టకండి. మొదటి దెబ్బ ఎడమ గొట్టంతో వేయండి. రెండు ట్రిగ్గర్ల తుపాకీల్లో మామూలుగా వెనక ట్రిగ్గర్ ఎడమ గొట్టానిది, అందులోనే చోక్ బిగువు ఎక్కువ. కదలకుండా నిలబడ్డ పక్షికి అదే కావాలి.

"ట్రిగ్గర్ కదల్లేదు"

చాలా డబుల్ బ్యారెళ్లలో తుపాకీ తెరిచిన ప్రతిసారీ సేఫ్టీ తనంతట తానే పడుతుంది. తూటా మార్చాక దాన్ని మళ్లీ తీయాలి. ట్రిగ్గర్ వదులుగా కదిలి ఏమీ కాకపోతే, అప్పటికే కాల్చేసిన గొట్టం ట్రిగ్గర్‌నే మళ్లీ నొక్కి ఉంటారు.

"టిక్ మంది, పేలలేదు"

గొట్టాలను భద్రమైన దిక్కుకే పట్టుకుని అర నిమిషం ఆగండి, ఆలస్యంగా పేలే తూటాలుంటాయి. తరువాత తూటా తీసి ప్రైమర్ (తూటా అడుగున దెబ్బ తగిలే మూత) మీద నొక్కు చూడండి. లోతుగా ఉంటే తప్పు తూటాది. పైపైన ఉంటే లోపల పాత నూనె జిగురులా గట్టిపడి ఉంటుంది, లేదా స్ప్రింగ్ నీరసించింది. ఇంట్లో స్క్రూడ్రైవర్‌తో విప్పకండి. ఆ స్క్రూల గాడి సన్నం, ఒక్క జారుతో నగిషీ పోతుంది.

రెండు గొట్టాలూ ఒకేసారి పేలితే, లేదా మూసిన తుపాకీ ఊపితే కటకటలాడితే, ఆ సీజన్‌కు దాన్ని పక్కన పెట్టండి. సియర్ (ట్రిగ్గర్ నొక్కేదాకా సుత్తిని పట్టి ఉంచే ముక్క) అరగడమో కీలు వదులవడమో అయ్యుంటుంది. అది గన్‌స్మిత్ పని.

"పుంజు అరుస్తుంది, అరవై గజాల దగ్గరే ఆగిపోతుంది"

వసంతంలో పిలిస్తే రావాల్సింది పెట్ట, పుంజు నిలబడి కూస్తుంది. మనం పెట్ట గొంతుతో పిలిచి పుంజును రమ్మంటున్నాం. వచ్చిన చోటు నుంచి పెట్ట కనిపించకపోతే అది ఆగుతుంది. కొత్త తుపాకీ ఉన్నవాడు అక్కడికే కొడదామనుకుంటాడు, మీకు ఆ అవకాశం లేదు. మిట్ట అవతలి వాలులోనో దారి మలుపు దగ్గరో కూర్చుని పిలవండి. పెట్ట కోసం తొంగి చూసేసరికే అది మీ హద్దులో ఉండాలి. ఎరుపు, తెలుపు, నీలం బట్టలు వద్దు, పుంజు తల రంగులు అవే. అరుపు వినబడ్డ వైపు నక్కుతూ వెళ్లవద్దు, అక్కడ పిలుస్తున్నది ఇంకో వేటగాడు కావచ్చు.