చవితి పందిట్లో తొలి ర్యాప్: మైకు పట్టేముందు చూసుకోవాల్సినవి

నెల్లూరు, ఒంగోలు వీధుల్లో వినాయక చవితి పందిళ్లు లేచే టైమైంది. మొదటిసారి ర్యాప్ చేయబోయేవాళ్లు ఇవి చూసుకోండి.

బీట్ వినకుండా రాసిన పాటతో స్టేజీ ఎక్కొద్దు. కాగితం మీద బాగున్న లైను నాలుగు దెబ్బల బార్‌లో ఇమడకపోతే రెండో లైనుకే వెనకబడతారు, ఇక అందుకోలేరు. 90 బీపీఎం, అంటే నిమిషానికి 90 దెబ్బల బీట్‌కు 16 బార్లంటే దాదాపు 43 సెకన్లు. మొదటిసారికి అంత చాలు.

ఊపిరి తీసుకునే చోట గీత పెట్టుకోండి. అక్కడ ఒకటో రెండో మాటలు కొట్టెయ్యాల్సిందే. లేకపోతే లైను చివర మింగేస్తారు.

ప్రతి లైనూ ‘వస్తా, చూస్తా, చేస్తా’ అని ముగించొద్దు. క్రియలు ఎటూ అట్టనే కలుస్తాయి, అందులో మన పనితనం ఏముంది? రెండో అక్షరం కలపండి: ఒక లైను ‘పెన్నా’తో ఎత్తుకుంటే తర్వాతది ‘నిన్న’తో. తిక్కన ఉన్న ఊళ్లో ఆ మాత్రం ప్రాస ఉండాల!

బీట్‌ను ఫోన్‌లో దించుకుని ఫ్లయిట్ మోడ్ పెట్టండి. మధ్యలో ఎవరన్నా ఫోన్ చేస్తే బీట్ ఆగిపోయి బాక్సుల్లో రింగ్‌టోన్ మోగుద్ది.

మైకు జాలీని గుప్పిట్లో మూయొద్దు. మాట ముద్దయిపోద్ది, బాక్సులు కుయ్యిమంటాయి.