టూరింగ్ బైక్‌కి సరిపోయే ఆయిల్ ఫిల్టర్ ఎలా ఎంచుకోవాలి?

ఆయిల్ ఫిల్టర్ కొనడంలో మన దగ్గర ఒకే తప్పు పదేపదే జరుగుతుంటుంది. పాత ఫిల్టర్ విప్పి, కవర్లో చుట్టుకుని ఆటోనగర్ తీసుకెళ్ళి కౌంటర్ మీద పెడతారు. అవతలి మనిషి దాన్ని తిప్పి చూసి, ర్యాక్‌లోంచి అలాంటిదే ఇంకోటి తీసి "ఇది సరిపోద్దండి" అంటాడు. ఇంటికొచ్చి తిప్పితే ఎక్కుతుంది కూడా. ఎక్కింది కాబట్టి సరిపోయిందనుకుంటారు. ఎక్కడం వేరు, సరిపోవడం వేరు. ఊళ్ళో తిరిగే బండికి ఫిల్టర్ దగ్గర లీకైతే తోసుకుంటూ మెకానిక్ దగ్గరికి వెళ్ళిపోవచ్చు. దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కుతున్నప్పుడు లీకైతే నల్లమల మధ్యలో ఫోన్ సిగ్నల్ కూడా ఉండదు. అందుకే టూర్లకి వాడే బండికి ఫిల్టర్ చూసి కాదు, కొలిచి కొనాలి.

కావాల్సినవి

బండి మాన్యువల్, ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ నంబర్, ఒక వెర్నియర్ కాలిపర్ (వ్యాసం కొలిచే పనిముట్టు), టార్చి. మాన్యువల్ పోయి ఉంటే కంపెనీ వెబ్‌సైట్‌లో పీడీఎఫ్ దొరుకుతుంది. వెర్నియర్ స్టీల్‌దే కొనండి, ప్లాస్టిక్‌ది దండగ.

మొదటి మెట్టు: రకం తెలుసుకోండి

ఇంజిన్ బయట చిన్న డబ్బాలా కనిపిస్తూ మొత్తంగా తిప్పి విప్పేది స్పిన్-ఆన్ ఫిల్టర్. ఇంటర్‌సెప్టర్ 650, సూపర్ మీటియార్ 650, వెర్సిస్ 650 లాంటి బళ్ళకు ఇదే ఉంటుంది. ఇంజిన్ కవర్ లోపల కాగితం మడతలు మాత్రమే ఉండేది ఎలిమెంట్ ఫిల్టర్. యూసీఈ (ఇంజిన్, గేర్‌బాక్స్ ఒకే కేసులో ఉండే) రకం బుల్లెట్, క్లాసిక్‌లకు, హిమాలయన్ 411కి, కేటీఎం 390కి ఈ రకం వస్తుంది.

ఎలిమెంట్ రకమైతే మీ పని తేలిక. కంపెనీ ఒరిజినల్ తప్ప వేరేది కొనకూడదు, అంతే. కవర్‌కి ఉండే ఓ-రింగులు (రబ్బరు రింగులు) కూడా కొత్తవి తీసుకోండి. వేడికి గట్టిపడిపోయిన పాత ఓ-రింగ్‌ని "ఇంకా బాగానే ఉందిలే" అని మళ్ళీ వేయనివ్వకండి. ఇంకో సంగతి, కొన్ని ఎలిమెంట్లకు ఒకవైపే రంధ్రం ఉంటుంది. తిరగేసి పెట్టినా కవర్ బిగుసుకుంటుంది, ఆయిల్ దారి మాత్రం మూసుకుపోతుంది. పాతది బయటికి లాగేముందు ఫోన్లో ఒక ఫోటో తీసి పెట్టుకోండి.

ఇక్కడినుంచి చెప్పేది ఎక్కువగా స్పిన్-ఆన్ వాళ్ళకి.

రెండో మెట్టు: పార్ట్ నంబర్ రాసుకోండి

మాన్యువల్లోనో, కంపెనీ పార్ట్స్ కేటలాగ్‌లోనో ఉన్న నంబర్ తీసుకోండి. బండి పేరొక్కటే చెప్తే చాలదు. 2020 ఏప్రిల్ 1న బీఎస్6 వచ్చినప్పుడు చాలా మోడళ్ళలో పేరు అదే ఉండి లోపలి భాగాలు మారాయి. ఛాసిస్ నంబర్ చెప్తే డీలర్ దగ్గర సరైన పార్ట్ నంబర్ తేలుతుంది. కంపెనీలు పాత నంబర్ ఆపేసి కొత్త నంబర్ ఇవ్వడం కూడా మామూలే. ఆ మాట కౌంటర్ దగ్గర విన్నప్పుడు కేటలాగ్‌లో చూపించమని అడగండి.

హైఫ్లోఫిల్ట్రో, కే అండ్ ఎన్ లాంటి వేరే కంపెనీ ఫిల్టర్ కావాలంటే ఆ కంపెనీ సొంత కేటలాగ్‌లో మీ మోడల్, సంవత్సరం రెండూ ఉండాలి. ఆన్‌లైన్ షాపుల్లో కనిపించే "మీ బండికి సరిపోతుంది" అన్న టిక్కుని నమ్మకండి. చాలాసార్లు ఆ వివరం నింపేది అమ్మేవాడే. "మా ఫ్రెండ్ బండికి వేశారు, నాకూ అదే ఇంజిన్ కదా" అన్న లెక్క అసలే వద్దు.

మూడో మెట్టు: థ్రెడ్ కొలవండి

ఇక్కడే అందరూ బోల్తా పడతారు. కాబట్టి నిదానంగా చదవండి.

ఫిల్టర్ మధ్య రంధ్రంలో థ్రెడ్ (మరలు) ఉంటుంది. అది ఇంజిన్‌కి ఉన్న స్టడ్ (బయటికి పొడుచుకొచ్చిన మరల గొట్టం) మీద ఎక్కుతుంది. మనకు ఎదురయ్యే థ్రెడ్లలో ముఖ్యమైనవి రెండు. ఒకటి ఎం20×1.5. అంటే 20 మిల్లీమీటర్ల వ్యాసం, ఒక చుట్టుకీ ఇంకో చుట్టుకీ మధ్య 1.5 మిల్లీమీటర్ల దూరం. రెండోది 3/4-16. అంటే ముప్పావు అంగుళం వ్యాసం, అంగుళానికి 16 చుట్లు. మన కొలతల్లో చెప్పాలంటే 19.05 మిల్లీమీటర్ల వ్యాసం, 1.59 మిల్లీమీటర్ల దూరం. హోండా, కవాసాకి, యమహా, ట్రయంఫ్ బళ్ళలో చాలావాటికి మొదటిది వస్తుంది. పెద్ద వీ-ట్విన్ హార్లీలకు, టయోటా లాంటి చాలా కార్లకు రెండోది వస్తుంది. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే కంటికి తేడా తెలియదు. కౌంటర్ మనిషికీ తెలియదు, మీకూ తెలియదు.

ఎం20 ఫిల్టర్‌ని 3/4 స్టడ్ మీద ఎక్కించారనుకోండి. స్టడ్ సన్నం, రంధ్రం పెద్దది. వేళ్ళతోనే సులువుగా, హాయిగా ఎక్కిపోతుంది. గ్యాస్కెట్ (ఫిల్టర్ అంచున ఉండే రబ్బరు రింగు) తగిలాక బిగుసుకుంటుంది కూడా. కానీ లోపల థ్రెడ్ లోతులో సగం కూడా పట్టి ఉండదు. అంచులు మాత్రమే ఆనుకుని ఉంటాయి. బిగించాక ఊగడం ఆగిపోతుంది కాబట్టి ఆ తర్వాత ఎవరూ కనిపెట్టలేరు.

ఇప్పుడు ఆ అంచుల మీద ఎంత భారం పడుతుందో లెక్క వేద్దాం. గ్యాస్కెట్ వ్యాసం 6 సెంటీమీటర్లు అనుకుంటే లోపలి వైశాల్యం సుమారు 28 చదరపు సెంటీమీటర్లు. ఇంజిన్ చల్లగా ఉండి ఆయిల్ చిక్కగా ఉన్నప్పుడు ఎక్సలేటర్ తిప్పితే ఆయిల్ ప్రెజర్ చదరపు సెంటీమీటరుకి 5 కిలోలదాకా వెళ్ళగలదు. రెంటినీ గుణిస్తే 140 కిలోలు. మిర్చి యార్డులో మూడు టిక్కీల (మిర్చి బస్తాల) బరువు ఫిల్టర్‌ని ఇంజిన్ నుంచి ఊడదీయాలని తోస్తుంటుంది. సరైన థ్రెడ్‌కి అదొక లెక్క కాదు. అంచులతో పట్టుకున్న థ్రెడ్ ఎప్పుడో ఒకప్పుడు జారుతుంది. ఫిల్టర్ ఇంజిన్ ముందువైపో, అడుగునో ఉంటుంది కాబట్టి కారిన ఆయిల్ గాలికి నేరుగా వెనక టైరు మీదికి వస్తుంది. జాతీయ రహదారి మీద వంద స్పీడులో ఉన్నవాడికి అది ఇంజిన్ సమస్య కాదు, ప్రాణాల సమస్య.

తిరగేసి, 3/4 ఫిల్టర్‌ని ఎం20 స్టడ్ మీద పెడితే మొదట్లోనే పట్టేస్తుంది. అది నిజానికి మంచిదే, హెచ్చరిక కాబట్టి. కానీ కొందరు మెకానిక్‌లు "కొత్తది కదా, కొంచెం టైట్‌గానే ఉంటుంది" అని రెంచ్ పెట్టి తిప్పేస్తారు. దాంతో ఇంజిన్ వైపు స్టడ్ పాడవుతుంది. కొత్త ఫిల్టర్ గ్యాస్కెట్ తగిలేదాకా వేళ్ళతో మాత్రమే ఎక్కాలి. మధ్యలో బలం కావాల్సి వచ్చిందంటే ఆ ఫిల్టర్ మీది కాదు.

అందుకని ఏం చేయాలంటే, పాత ఫిల్టర్ విప్పాక వెర్నియర్‌తో ఇంజిన్ వైపు స్టడ్‌ని కొలవండి. 19.7కీ 20కీ మధ్య వస్తే ఎం20. 19 దగ్గరే ఆగితే 3/4. పాత ఫిల్టర్‌ని కొలిచి లాభం లేదు. కిందటిసారి ఎవరో తప్పుది వేసి ఉంటే మీరు ఆ తప్పునే మళ్ళీ కొంటారు. పాత ఫిల్టర్ పట్టుకుని షాపుకి వెళ్ళొద్దని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. సెకండ్‌హ్యాండ్ బండి కొన్నవాళ్ళు దీన్ని అస్సలు వదలకూడదు.

కొత్త ఫిల్టర్‌ని గ్యాస్కెట్ తగలకముందే, మూడు నాలుగు చుట్లు ఎక్కాక ఆపి పక్కలకు ఊపి చూడండి. అతి కొద్దిగా కదలడం సహజం. స్పష్టంగా ఊగుతుంటే తీసేసి మళ్ళీ కొలవండి.

నాలుగో మెట్టు: గ్యాస్కెట్, ఎత్తు, వాల్వులు

ఇంజిన్ మీద ఫిల్టర్ కూర్చునే చోట నున్నటి వలయం ఉంటుంది. గ్యాస్కెట్ మొత్తం ఆ వలయం మీదే ఆనాలి. థ్రెడ్ కలిసినా గ్యాస్కెట్ రెండు మిల్లీమీటర్లు అంచు దాటితే లీకు ఖాయం.

ఎత్తు కూడా చూడాలి. పొడుగు ఫిల్టర్ ఎక్కువ ఆయిల్ పట్టుకుంటుందని కారు ఫిల్టర్ వేసేవాళ్ళున్నారు. అది సైలెన్సర్ బెండ్ పైపుకి దగ్గరగా వచ్చి మాడుతుంది. లేదా ఇంజిన్ అడుగున రక్షణగా ఉండే బ్యాష్ ప్లేట్‌కి రాసుకుంటుంది. క్రాష్ గార్డ్, బ్యాష్ ప్లేట్ బయట బిగించినవైతే అవి పెట్టి చూశాకే నిర్ణయించండి. చుట్టూ వేలు పట్టేంత సందు ఉండాలి.

వాల్వులు రెండు. ఫిల్టర్ మూసుకుపోయినా, ఆయిల్ మరీ చిక్కగా ఉన్నా ఇంజిన్‌కి ఆయిల్ ఆగిపోకుండా దారి ఇచ్చేది బైపాస్ వాల్వ్. అది ఏ ప్రెజర్ దగ్గర తెరుచుకోవాలో ఇంజిన్ తయారుచేసినవాళ్ళు నిర్ణయిస్తారు. కొన్ని బళ్ళలో అది ఇంజిన్‌లోనే ఉంటుంది. తొందరగా తెరుచుకునే వాల్వ్ ఉన్న ఫిల్టర్ వేస్తే వడకట్టని ఆయిలే ఇంజిన్‌లో తిరుగుతుంది. బయటికి ఏ గుర్తూ కనపడదు. రెండోది, బండి ఆపాక ఫిల్టర్‌లో ఆయిల్ వెనక్కి కారిపోకుండా ఆపే రబ్బరు పొర. ఫిల్టర్ అడ్డంగా ఉండే బళ్ళకు ఇది తప్పనిసరి. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ఆయిల్ లైటు ఆలస్యంగా ఆరుతూ, ఇంజిన్ కాసేపు టకటకలాడుతుంటే ఈ పొరని అనుమానించాలి. మన మే నెల ఎండలకి సిలికాన్ పొర ఉన్నదే నయం. మామూలు నల్ల రబ్బరు వేడికి త్వరగా గట్టిపడుతుంది.

ఈ వాల్వుల్ని వెర్నియర్‌తో కొలవలేం. పార్ట్ నంబర్ మీద అంత పట్టుబట్టింది అందుకే.

డూప్లికేట్‌లు, కడిగి వాడే ఫిల్టర్లు

పెట్టె మీద ఎమ్మార్పీ, తయారీ నెల, సంవత్సరం, తయారీదారు చిరునామా ఉండాలి. 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం అవి తప్పనిసరి. ఒక్కటి లేకపోయినా కొనకండి. టార్చి వేసి రంధ్రంలోకి చూడండి. లోపల తుప్పు, లోహపు పొట్టు ఉండకూడదు. బిల్లు తీసుకోండి. బిల్లు ఇవ్వనన్న చోట ఫిల్టర్ తీసుకోవద్దు.

కడిగి మళ్ళీ మళ్ళీ వాడే స్టీల్ జాలీ ఫిల్టర్లు ఈమధ్య బాగా అమ్ముతున్నారు. టూరింగ్ బండికి నేను ఒప్పుకోను. కాగితం తన మందం అంతటా మురికిని పట్టి ఉంచుతుంది. జాలీకి ఉన్నది పైపొర ఒక్కటే. సరిగ్గా కడిగామో లేదో ఇంట్లో తేల్చుకునే మార్గం లేదు. ఆయిల్ మార్చిన ప్రతిసారీ కొత్త కాగితం ఫిల్టర్ వేయడమే పద్ధతి. ఆయిల్ మార్చి ఫిల్టర్ వదిలేస్తే కొత్త ఆయిల్‌లో పాత మురికి కలుపుకున్నట్టే.

బిగించడం

పాత గ్యాస్కెట్ ఇంజిన్‌కే అంటుకుని ఉండిపోలేదని వేలితో తడిమి చూడండి. దాని మీద కొత్తది బిగిస్తే లీకవుతుంది. కొత్త గ్యాస్కెట్‌కి కొంచెం ఆయిల్ రాసి, అది ఆనేదాకా వేళ్ళతో తిప్పి, ఆ తర్వాత పెట్టె మీద రాసినంతే, సాధారణంగా ముప్పావు చుట్టు, చేత్తో బిగించండి. కొన్ని ఫిల్టర్ల చివర నట్టు ఉంటుంది. అది విప్పడానికి, బిగించడానికి కాదు.

స్టార్ట్ చేసి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి టార్చితో చుట్టూ చూడండి. ఆపాక ఆయిల్ లెవెల్ సరిచేయండి. మొదటి 50 కిలోమీటర్లు ఊరి దగ్గరే తిరిగి ఇంకోసారి చూడండి. బెజవాడ వాళ్ళకి గన్నవరం వెళ్ళి రావడం, గుంటూరు వాళ్ళకి మంగళగిరి దాకా వెళ్ళి రావడం దీనికి బాగుంటాయి. కొత్త ఫిల్టర్ వేసిన రోజే లాంగ్ టూర్‌కి బయల్దేరకండి.

తీసిన ఆయిల్‌ని ఏలూరు కాలవలోనో, బందరు కాలవలోనో పారబోయకండి. డబ్బాలో పట్టి సర్వీస్ సెంటర్‌లో ఇచ్చేయండి. కొత్త ఫిల్టర్ మీద మార్కర్‌తో తేదీ, కిలోమీటర్ల రీడింగ్ రాయండి. పెట్టెని పారేయకుండా పార్ట్ నంబర్ ఉన్న వైపు కత్తిరించి సీటు కింద టూల్ కిట్‌లో పెట్టుకోండి. ఎక్కడో దూరాన వేరే మెకానిక్ చేతికి బండి ఇవ్వాల్సి వస్తే ముందు ఆ అట్టముక్క చూపించండి.