నలభైలో ఎల్ ప్లేట్లు: బ్రిటన్‌లో డ్రైవింగ్ టెస్ట్ అంటే భయపడేవారికి

బ్రిటన్‌కు వచ్చిన కొత్తలో మన ఇండియా లైసెన్సుతో 12 నెలలు కారు నడపవచ్చు. ఆ ఏడాది ఎలా గడిచిపోతుందో తెలియదు. ఇల్లు వెతుక్కోవడం, పిల్లల బడి, బ్యాంకు ఖాతా, చలికోట్లు, వీటి మధ్య లైసెన్సు సంగతి వెనక్కి పోతుంది. గడువు దాటాక, మన ఊళ్ళో ఎన్నేళ్ళు నడిపిన మనిషైనా ఇక్కడ ఎల్ ప్లేటు (నేర్చుకుంటున్నవారి కారుకు పెట్టే 'L' గుర్తు పలక) తగిలించుకోవాల్సిందే. మన లైసెన్సును ఇక్కడి లైసెన్సుగా మార్చి ఇవ్వరు. ప్రొవిజనల్ (నేర్చుకునేవారి లైసెన్సు) తీసుకోవాలి, థియరీ రాయాలి, ఆ తర్వాత ప్రాక్టికల్, అంటే రోడ్డు మీద నడిపి చూపించే టెస్ట్. నేను చెప్పేదంతా ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్ సంగతి. ఉత్తర ఐర్లండ్‌లో పద్ధతి కొంత వేరు.

నేను విజయవాడలో ఎనిమిదేళ్ళు కారు నడిపాను. బెంజ్ సర్కిల్ దగ్గర సాయంత్రం ఆరింటికి కూడా ధైర్యంగా వెళ్ళేదాన్ని. ఇక్కడ మాత్రం మూడోసారికి పాసయ్యాను. మొదటి రెండుసార్లు ఎక్కడ దెబ్బ తిన్నానో చెబితే మీకు పనికొస్తుందని రాస్తున్నాను.

మొదటి టెస్ట్ మొదలైన పది నిమిషాలకు ఒక చిన్న రౌండబౌట్ (గుండ్రటి కూడలి) దగ్గర ఇంజన్ ఆగిపోయింది. వెనక డబుల్ డెక్కర్ బస్సు, అద్దం నిండా దాని ముఖమే. కీ తిప్పాను, మళ్ళీ ఆగింది. ఇంకోసారి తిప్పి కదిలాను. పక్కన ఎగ్జామినర్ తన ట్యాబ్ మీద వేలితో ఏదో తట్టాడు. "ఇంకేముంది, పోయింది" అనుకున్నాను. ఆ క్షణం నుంచి రోడ్డు మీద నేను లేను. ఇంటికి వెళ్ళి ఏం చెప్పాలి, మళ్ళీ స్లాట్ ఎప్పుడు దొరుకుతుంది, కట్టిన డబ్బులు పోయాయే అని లోపల నడుస్తూనే ఉంది. రెండు వీధుల తర్వాత కుడివైపు తిరగమన్నాడు. ఎదురుగా వస్తున్న సైకిల్ నాకు కనపడనే లేదు. ఎగ్జామినరే బ్రేకు నొక్కాడు.

వెనక్కి వచ్చాక ఆయన వివరంగా చెప్పినప్పుడు తెలిసింది. ఇంజన్ ఆగినందుకు వేసింది ఒక్క చిన్న తప్పు. ఫెయిల్ అయ్యింది సైకిల్ దగ్గర. రెండోసారీ ఇంచుమించు అంతే. పార్కింగ్‌లో చక్రం గీత మీదికి వెళ్ళింది, దాన్నే తలచుకుంటూ 20 మైళ్ళ వేగ పరిమితి బోర్డు చూడకుండా 30 లో వెళ్ళిపోయాను.

అందుకే నా మొదటి సలహా, మార్కులు ఎలా వేస్తారో ముందు బాగా తెలుసుకోండి. చిన్న తప్పులు 15 దాకా ఉన్నా పాసే. పదహారోది పడితే ఫెయిల్. తీవ్రమైన తప్పు లేదా ప్రమాదకరమైన తప్పు ఒక్కటి చాలు, ఫెయిల్ అవుతారు. ఒకే చిన్న తప్పు పదేపదే చేస్తే అది తీవ్రమైనదిగా మారవచ్చు. ఇంజన్ ఆగినంత మాత్రాన టెస్ట్ పోదు, కంగారు లేకుండా హ్యాండ్ బ్రేకు వేసి, చుట్టూ చూసుకుని మళ్ళీ కదిలితే సరిపోతుంది. చెప్పిన దారి తప్పి వేరే రోడ్డులోకి వెళ్ళినా తప్పు కాదు, జాగ్రత్తగా వెళ్ళారా లేదా అన్నదే చూస్తారు. ఎగ్జామినర్ ట్యాబ్ మీద తట్టిన ప్రతిసారీ మీ తప్పు రాస్తున్నాడని అనుకోవద్దు. ఈ లెక్కలు ముందే మనసుకు ఎక్కి ఉంటే, పొరపాటు జరిగిన నిమిషంలో "ఇది ఒకటే కదా, ఇంకా ఉంది" అని మనకు మనం చెప్పుకోగలుగుతాం. మొదటిసారి నాకు ఇవేవీ సరిగ్గా తెలియవు. లెక్కలు వేసేది ఆయన పని. మన పని ముందున్న రోడ్డు.

మూడోసారి టెస్ట్‌కు ముందు మా ఇంటి పక్కనుండే ఖమ్మం వదిన వారానికి రెండు రోజులు నా పక్కన కూర్చునేది. (పక్కన కూర్చునేవాళ్ళకు 21 ఏళ్ళు నిండి ఉండాలి, ఫుల్ లైసెన్సు వచ్చి మూడేళ్ళు దాటి ఉండాలి. మీ పేరు మీద ఆ కారుకు ఇన్సూరెన్సు ఉండాలి. మోటార్‌వే (ఇక్కడి ఎక్స్‌ప్రెస్ హైవే) మీదికి మాత్రం ఇలా వెళ్ళకూడదు.) ఒకరోజు ఎత్తు రోడ్డు మీద ఆగాక నా ఎడమ కాలు క్లచ్ మీద గడగడా వణికింది.

"వదినా, కాలు ఆగట్లేదు."

"వణకనీ. మడమ కింద నేలకు ఆనించు, వేళ్ళతోనే క్లచ్ వదులు. ఊపిరి బిగబట్టావు చూడు, ముందు అది వదులు."

మడమ నేలకు ఆనగానే కాలికి ఒక ఆధారం దొరికింది. బండి మెల్లగా ముందుకు కదిలింది. ఊపిరి సంగతి కూడా నిజమే. ప్రతి ఎర్ర లైటు దగ్గరా భుజాలు కిందికి దించి, ఊపిరి నెమ్మదిగా పూర్తిగా వదలడం అప్పుడే అలవాటు చేసుకున్నాను. పీల్చడం దానంతట అదే జరుగుతుంది, భయంలో మనం మర్చిపోయేది వదలడమే.

వదిన నేర్పిన రెండోది ఇంకా గట్టి మందు. రోడ్డును పైకి చదవమనేది, తెలుగులోనే. "ఎడమ పక్క వ్యాను ఆగి ఉంది, తలుపు తెరవొచ్చు, కొంచెం జరుగుతున్నా. ముందు జీబ్రా, ఒక అమ్మాయి నిలబడి ఉంది, ఆగుతున్నా. అద్దం చూశా, వెనక తెల్ల కారు." మొదట సిగ్గేసింది. వారం తిరిగేసరికి నాకే అర్థమైంది, నోరు రోడ్డు గురించి మాట్లాడుతున్నంతసేపూ మనసుకు భయపడే తీరిక తక్కువ. టెస్ట్‌లో కూడా పెదవులు కదిలీ కదలకుండా అదే చేశాను. ఎవరూ ఏమీ అనలేదు.

మన రోడ్ల మీద నడిపి వచ్చినవాళ్ళకు ఇంకో చిక్కు ఉంది. ఇక్కడా ఎడమవైపే కాబట్టి అంతా తెలిసినట్టే ఉంటుంది, అక్కడే మోసపోతాం. మన దగ్గర లైట్లు కొట్టారంటే "నేను వస్తున్నా, ఆగు" అని. ఇక్కడ చాలామంది "నువ్వు వెళ్ళు" అనే అర్థంలో కొడతారు. టెస్ట్‌లో ఎవరు లైటు కొట్టినా దాన్ని నమ్మి వెళ్ళకండి, మీ కళ్ళతో చూసి వెళ్ళండి. రౌండబౌట్‌లో కుడి నుంచి వచ్చేవాళ్ళకు దారి ఇవ్వాలి. అలాగని ఖాళీ ఉన్నా కదలకుండా నిలబడితే అదీ తప్పే. 2022 జనవరిలో హైవే కోడ్ (ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకం) మారాక, మనం సందులోకి తిరిగేటప్పుడు అక్కడ రోడ్డు దాటడానికి నిలబడ్డవాళ్ళకు కూడా దారి ఇవ్వాలి. అద్దాలు చూడటం మనకు కంటి చివరతో అయిపోతుంది. కొంచెం తల తిప్పి చూడండి. ఎగ్జామినర్‌కు తెలియడం ఒక లాభం, మీకే బాగా కనపడటం అంతకంటే పెద్ద లాభం.

భాష గురించి చాలామంది అక్కలు, ముఖ్యంగా భర్తల ఉద్యోగాల మీద వచ్చినవాళ్ళు, నన్ను అడుగుతుంటారు. 2014 ఏప్రిల్ నుంచి థియరీకి గానీ ప్రాక్టికల్‌కు గానీ ఇతర భాషల సాయం లేదు, దుబాసీని తీసుకెళ్ళనివ్వరు. కానీ టెస్ట్‌లో చెప్పే మాటలు కొన్నే, అవే తిరిగి తిరిగి వస్తాయి. మీ ఇన్‌స్ట్రక్టర్‌ను టెస్ట్‌లో వాడే వాక్యాలతోనే దారి చెప్పమనండి, చెవికి అలవాటవుతాయి. అర్థం కాకపోతే "కుడ్ యూ రిపీట్ దట్, ప్లీజ్?" అని అడగండి. అడిగినందుకు మార్కులు పోవు. ఎగ్జామినర్ మాట్లాడకుండా కూర్చుంటే కోపంగా ఉన్నాడని మనకు అనిపిస్తుంది. మన దృష్టి చెదరకూడదని అలా ఉంటారు. మొదట్లోనే "నాకు కొంచెం టెన్షన్‌గా ఉంది" అని చెప్పేయండి. నేను మూడోసారి చెప్పాను. ఆ రోజు ఎగ్జామినర్‌గా వచ్చిన ఆవిడ నవ్వి, "తొందరేం లేదు" అంది. ఆ ఒక్క మాటతో నా చేతులు స్టీరింగ్ మీద కాస్త వదులయ్యాయి.

వయసు సంగతి. వెయిటింగ్ రూములో మీ పక్కన 17 ఏళ్ళ పిల్లలు కూర్చుని ఉంటారు. వాళ్ళకు ఫెయిలైతే మళ్ళీ వస్తే సరిపోతుంది. మనకు అలా ఉండదు. పిల్లలు అడుగుతారు, ఇంటి దగ్గర నుంచి అత్తయ్యగారు ఫోన్ చేస్తారు, వాట్సాప్ గ్రూపులో "అయిందా?" అని పది మంది. ఇక్కడ ప్రాక్టికల్‌కు వెళ్ళేవాళ్ళలో సగానికి కాస్త తక్కువ మందే పాసవుతారు. అంటే మీ చుట్టూ లైసెన్సు ఉన్నవాళ్ళలో చాలామంది ఒకసారైనా ఫెయిలైనవాళ్ళే, ఆ మాట బయటికి చెప్పరంతే. నా మటుకు నేను మూడోసారి తేదీ మా ఆయనకూ వదినకూ తప్ప ఎవరికీ చెప్పలేదు. అమ్మకు కూడా. చాలా బరువు తగ్గింది.

గేర్ల దగ్గరే మీ భయమంతా ఉంటే ఆటోమేటిక్‌లో టెస్ట్ ఇవ్వండి. ఆ లైసెన్సుతో గేర్ల కారు నడపకూడదు, అదొక్కటే పరిమితి. మళ్ళీ మొదలుపెట్టాల్సి వస్తే నేనూ అదే చేసేదాన్ని.

ఖర్చులు: ప్రొవిజనల్ ఆన్‌లైన్‌లో 34 పౌండ్లు, థియరీ 23, ప్రాక్టికల్ పనిరోజుల్లో 62, సాయంత్రాలు, శని ఆదివారాల్లో 75. థియరీ పాసయ్యాక రెండేళ్ళలోపు ప్రాక్టికల్ పాసవ్వాలి. ఫెయిలైతే పది పనిరోజులు ఆగి మళ్ళీ వెళ్ళవచ్చు గానీ, చాలా ఊళ్ళలో స్లాట్‌కు నెలలు పడుతుంది. ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే బుక్ చేసుకోండి. సిద్ధంగా లేమనిపిస్తే, పది పూర్తి పనిరోజుల ముందు మార్చుకుంటే డబ్బు పోదు.

టెస్ట్ రోజు కడుపు ఖాళీగా వెళ్ళకండి. కాఫీ రోజూ తాగేంతే తాగండి. ధైర్యానికని ఎవరో ఇచ్చిన మాత్ర వేసుకోవద్దు, మగత వచ్చే మందుతో బండి నడపడం ప్రమాదం. నిద్ర పట్టనంత భయం వారాల తరబడి ఉంటే జీపీతో (మీ ప్రాంతపు డాక్టరుతో) మాట్లాడండి. టెస్ట్‌కు ముందు గంట ఇన్‌స్ట్రక్టర్‌తో నడిపితే చేతులు వేడెక్కుతాయి. ప్రొవిజనల్ కార్డు మర్చిపోవద్దు. అన్నిటికంటే ముందు 20 మీటర్ల దూరంలో ఉన్న నంబరు ప్లేటు చదవమంటారు. చదవలేకపోతే టెస్ట్ అక్కడితో ఆగిపోతుంది, కాబట్టి కళ్ళద్దాలు చూసుకోండి. తర్వాత దాదాపు 40 నిమిషాలు నడుపుతారు, అందులో కనీసం కొంతసేపు శాట్‌నావ్ (దారి చూపే పరికరం) లేదా బోర్డులు చూసుకుంటూ మీ అంతట మీరే వెళ్ళాలి.

పాసైతే అప్పటికప్పుడే ఒంటరిగా నడిపే హక్కు వస్తుంది. అయినా ఆ రోజు ఇంటికి ఇన్‌స్ట్రక్టర్‌నే నడపనివ్వండి, ఆనందంలో కూడా చేతులు వణుకుతాయి. మొదటి రెండేళ్ళలో ఆరు పెనాల్టీ పాయింట్లు పడితే లైసెన్సు రద్దవుతుంది, మళ్ళీ థియరీ నుంచి మొదలు. ఇంకొకటి, నేర్చుకునేవారి కోసం తీసుకున్న ఇన్సూరెన్సు సాధారణంగా పాసైన నిమిషంతో అయిపోతుంది. ఇన్సూరెన్సు కంపెనీకి ఫోన్ చేసి మార్పించుకోకుండా మాత్రం బండి తీయకండి.