సుత్తి కంటే ముందు నీళ్ల బకెట్టు

రెజిన్ (పోశాక గట్టిపడే జిగురు ద్రవం) పోసి ఇంటి పేరు పలకలు, చిన్న చిన్న పళ్లేలు చేస్తుంటాను. వాటిలో పరిచే రంగురాళ్ల ముక్కలను ప్యాకెట్లలో కొనను. ముడిరాయి తెచ్చుకుని ఇంటి దగ్గరే పగలగొట్టుకుంటాను. ప్యాకెట్లలో వచ్చేవి చాలావరకు అంచులు అరగదీసిన గుండ్రటి రాళ్లు. అప్పుడే పగిలిన అంచుకుండే మెరుపు వాటికి రమ్మన్నా రాదు.

ముందు దుమ్ము సంగతి. పలుగురాయి, గులాబీ స్ఫటికం, ఊదారంగు అమెథిస్ట్, చారల అగేట్ అన్నీ సిలికా (ఇసుకలో ఉండే ఖనిజం) రాళ్లే. కొట్టినప్పుడు లేచే పొడిలో కంటికి ఆననంత సన్నటి రేణువులు ఊపిరితిత్తుల్లోకి దిగి అక్కడే ఉండిపోతాయి. గుజరాత్‌లోని ఖంభాత్‌లో తరతరాలుగా అగేట్ పని చేసేవాళ్లు సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బుతో ఎంత బాధపడుతున్నారో తెలిసిందే. ఆ జబ్బును నయం చేసే మందు లేదు. మనది తీరిక వేళల పనే కావచ్చు, కానీ తడపని రాయిని ఒక్కసారి కూడా కొట్టవద్దు. రాయి, దాన్ని చుట్టే గుడ్డ రెండూ తడిగా ఉండాలి. ఎన్95 మాస్కు, పక్కలు కూడా మూసుకునే కళ్లద్దాలు, తోలు చేతి తొడుగులు తప్పనిసరి. పని ఆరుబయటే చేయాలి, పిల్లలు దరిదాపుల్లో ఉండకూడదు. పచ్చటి మాలకైట్‌లో రాగి, ఇంగిలీకంలో పాదరసం ఉంటాయి కాబట్టి ఆ రెండింటి జోలికి అసలు పోవద్దు.

ఇక రాయిని చదవాలి. బకెట్లో ముంచి తీసి, వెలుతురులో పెట్టి ఆరుతుంటే చూడండి. పైభాగం ముందు ఆరిపోతుంది. బీటలున్న చోట మాత్రం తడి నిలిచి సన్నటి నల్లగీతలు మిగులుతాయి. రాయి ఎక్కడ విడిపోవడానికి సిద్ధంగా ఉందో ఆ గీతలే చెబుతాయి. వాటి మీద సుద్దముక్కతో గుర్తు పెట్టుకుంటాను.

అన్ని రాళ్లూ ఒకేలా పగలవు. ఫ్లోరైట్‌కు నాలుగు దిక్కుల్లో చీలే తలాలున్నాయి. ఆ తలం వెంట సన్నటి ఉలి ఆనించి తేలిగ్గా తడితే నున్నగా విడిపోతుంది. చంద్రకాంత శిలకు అలాంటి తలాలు రెండు, దాదాపు లంబంగా ఉంటాయి. పలుగురాయికి, గార్నెట్‌కు చెప్పుకోదగ్గ చీలిక తలం లేదు. గాజు పగిలినట్టే వంపులు తిరిగి పగులుతాయి, అంచులు చేతిని కోసేస్తాయి. కొత్తగూడెం దగ్గరి గరీబ్‌పేట ప్రాంతం గార్నెట్‌లకు పేరున్న చోటు. అలాంటి ఎర్రటి రాయి దొరికితే చిన్నదాన్ని పగలగొట్టకుండా అలాగే వాడుకోమంటాను, ఆ రంగు ముక్కల్లో పలచబడిపోతుంది.

కొట్టడానికి కిలో బరువున్న సుత్తి, కింద ఇనుప దిమ్మ చాలు. రాయిని పాత జీన్స్ గుడ్డలో రెండు మూడు మడతలుగా చుట్టి, సుద్ద గీత మీద ఒక్క గట్టి దెబ్బ వేయండి. భయపడుతూ పది చిన్న దెబ్బలు వేస్తే పొడి ఎక్కువవుతుంది, ముక్కలు తక్కువవుతాయి. ప్రతి దెబ్బకూ మూట విప్పి, చాలినంత చిన్నవైన ముక్కలు పక్కకు తీసి, మిగిలినదాన్ని మళ్లీ తడిపి చుట్టాలి. ఒక సుత్తి తల మీద మరో సుత్తితో ఎన్నడూ కొట్టవద్దు, ఉక్కు పెచ్చు ఎగిరి కంట్లో పడుతుంది. రాయిని నిప్పుల్లో కాల్చి చన్నీళ్లలో వేసే పద్ధతీ వద్దు, అది ఎటు పేలుతుందో చెప్పలేం.

పెద్ద రాయికి ఒక అంచు మాత్రమే తీసేయాలనుకుంటే ఖంభాత్ పనివాళ్ల పద్ధతి గొప్పది. నేలలో పాతిన ఇనుప మొన మీద రాయి అంచు ఆనించి, కొమ్ముతో చేసిన సుత్తితో పైనుంచి కొడతారు. పెచ్చు మొన ఆనిన వైపు నుంచి లేస్తుంది. ఇనుప సుత్తి దెబ్బ కంటే ఇది మెత్తన కాబట్టి రాయి నుజ్జు కాదు. ఎంత సొగసైన ఆలోచనో!

ముక్కలను నీళ్లలోనే జల్లించుకోండి. ఒక పెద్ద కన్నుల జల్లెడ, ఒక టీ వడపోత సరిపోతాయి. అవి మళ్లీ వంటింట్లోకి పోకూడదు. చివరకు అయస్కాంతం తిప్పితే సుత్తి నుంచి రాలిన ఇనుప రజను వచ్చేస్తుంది. అది ఉండిపోతే తెల్ల ముక్కల మీద తుప్పు మరకలు పడతాయి. అడుగున చేరిన బురదను సింకులో పోయవద్దు, గొట్టంలో గట్టిగా పేరుకుంటుంది. రాత్రంతా తేరనిచ్చి, పైనీళ్లు వంచేసి, బురదను తడిగానే కవర్లో కట్టి చెత్తలో వేయండి.

ముక్కలు నీడలోనే ఆరాలి. అమెథిస్ట్ ఎండలో రోజుల తరబడి ఉంటే ఊదారంగు వెలిసిపోతుంది. తడి మిగిలితే రెజిన్ మసకబారుతుంది కాబట్టి ఆరబెట్టడంలో తొందరపడవద్దు. పలకలో పరిచే ముందు ముక్కలకు పలచగా ఒక పూత రెజిన్ పట్టించి గట్టిపడనివ్వండి. బీటల్లోని గాలి అప్పుడే బయటికి పోతుంది, అసలు పోత పోసినప్పుడు బుడగలు రావు.